ఎన్‌పీఎస్‌లో డబ్బు కట్టేముందు: పన్ను ఎక్కడ తగ్గుతుంది, ఎక్కడ తగ్గదు

జనవరి వచ్చిందంటే ఆఫీసులో ప్రూఫులు ఇమ్మని మెయిల్ వస్తుంది. ఆ మర్నాటి నుంచే నాకు ఫోన్లు మొదలవుతాయి. మాదాపూర్‌లో ఉద్యోగం చేసే మేనల్లుడి నుంచి వనస్థలిపురంలో ఉండే టీచరు అక్క వరకు అందరూ అడిగేది ఒకటే: "ఎన్‌పీఎస్‌లో యాభై వేలు కడితే ఎంత ట్యాక్స్ మిగులుతుంది?"

ఎన్‌పీఎస్ అంటే జాతీయ పెన్షన్ పథకం, రిటైర్మెంట్ కోసం డబ్బు దాచుకునే ఖాతా. జవాబు ఒక్క ముక్కలో చెప్తాను. మీరు కొత్త పన్ను విధానంలో (రేట్లు తక్కువ, మినహాయింపులూ తక్కువ) ఉంటే, మీ జేబులోంచి కట్టిన ఆ యాభై వేలకు ఒక్క రూపాయి పన్ను కూడా తగ్గదు. అదే డబ్బు మీ కంపెనీ చేత కట్టిస్తే తగ్గుతుంది. కొందరికి బాగా తగ్గుతుంది. ఈ తేడా తెలియక మార్చి ఆఖర్లో హడావిడిగా కట్టేసి, పన్నూ తగ్గక, డబ్బు ఏళ్ల తరబడి చేతికి రాదని తర్వాత తెలిసి బాధపడినవాళ్లు నాకు తెలిసే పదిమంది ఉన్నారు. అందుకే ముందు నుంచి చివరి దాకా ఏం చేయాలో వరుసగా రాస్తున్నాను.

ఇక్కడి లెక్కలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం 2025 అమలు కాబట్టి, ఆ తర్వాతి ఏడాదికి సెక్షన్ల నంబర్లు వేరుగా ఉంటాయి. 2025-26 రిటర్న్‌కు మాత్రం అందరికీ అలవాటైన పాత నంబర్లే.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- ప్రాన్. ఇది 12 అంకెల ఎన్‌పీఎస్ ఖాతా నంబర్. ఖాతా లేకపోతే కొత్తది తెరవడం గురించి కింద రాశాను.
- పాన్, ఆధార్. ఆధార్‌కు లింకైన ఫోన్ నంబర్ ఇప్పటికీ మీ దగ్గరే ఉందో లేదో ఈ రోజే చూసుకోండి. ఓటీపీ పాత నంబర్‌కు వెళ్లి, మార్చి 30న ఆధార్ సేవా కేంద్రం దగ్గర క్యూలో నిలబడే పరిస్థితి వద్దు.
- ఈ ఏడాది పే స్లిప్పులు, సీటీసీ (కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) వివరాలున్న లెటర్.
- పోయినేడాది ఫారం 16 (మీ జీతం, కోసిన పన్ను వివరాలతో కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్).

1. ముందు మీరు ఏ విధానంలో ఉన్నారో తేల్చుకోండి

ఆఫీసులో మీరు ఏమీ చెప్పకపోతే మిమ్మల్ని కొత్త విధానం కిందే లెక్కేస్తారు. పే స్లిప్‌లోగానీ, జీతం పోర్టల్‌లోని పన్ను లెక్కలోగానీ ఇది కనిపిస్తుంది. కనిపించకపోతే హెచ్‌ఆర్‌కు ఒక మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

జీతగాళ్లు ఆఫీసులో కొత్త విధానం చెప్పినా, రిటర్న్ వేసేటప్పుడు పాతది ఎంచుకోవచ్చు. కానీ గడువులోపు, అంటే జులై 31 లోపు రిటర్న్ వేస్తేనే. గడువు దాటితే పాత విధానం తలుపు మూసుకుపోయినట్టే, కొత్తదే వర్తిస్తుంది.

ఏది మేలు? ఆదాయపు పన్ను శాఖ ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో క్యాలిక్యులేటర్ ఉంది. రెండు విధానాల్లోనూ మీ అంకెలు వేసి చూడండి. ఇంటి అద్దె, హోమ్ లోన్ వడ్డీ రెండూ భారీగా ఉన్నవాళ్లకు పాతది కలిసొచ్చే అవకాశం ఉంది. కాకపోతే 2025-26లో హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మినహాయింపు లెక్కకు హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు జీతంలో 40 శాతమే పరిమితి. ముంబై, చెన్నైలాగా 50 శాతం కాదు. అక్కడి స్నేహితుడి లెక్క చూసి మీది వేసుకోకండి.

2. 'జీతం' అంటే ఏదో తెలుసుకోండి

ఎన్‌పీఎస్ లెక్కలో జీతం అంటే బేసిక్, డీఏ (కరువు భత్యం) మాత్రమే. హెచ్‌ఆర్‌ఏ, స్పెషల్ అలవెన్స్, బోనస్ కలపకూడదు. సీటీసీ మీద 14 శాతం వేసుకుని "నాకు రెండున్నర లక్షలు వస్తుంది" అనుకునేవాళ్లు ఎక్కువ. పే స్లిప్‌లో బేసిక్ వరసను చూసి, దాన్ని పన్నెండుతో హెచ్చించి, ఆ అంకెను ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. కింద అన్నింటికీ అదే కావాలి.

3. కొత్త విధానంలో ఉంటే: కంపెనీ చేత కట్టించుకోండి

ఈ మెట్టు దగ్గర కాస్త నిదానంగా చదవండి.

80సీసీడీ(2) అనే సెక్షన్ కింద, యజమాని మీ ఎన్‌పీఎస్ ఖాతాలో కట్టే డబ్బుకు కొత్త విధానంలోనూ మినహాయింపు ఉంది. పరిమితి బేసిక్, డీఏ మీద 14 శాతం. 2024 జులై బడ్జెట్‌కు ముందు ప్రైవేటు ఉద్యోగులకు ఇది 10 శాతమే. ఆ బడ్జెట్‌లో కొత్త విధానంవాళ్లకు 14 చేశారు. పాత విధానంలో ఉన్న ప్రైవేటు ఉద్యోగికి ఇప్పటికీ 10 శాతమే.

కంపెనీ అదనంగా ఇవ్వదు కదా అంటారు. నిజమే, చాలా కంపెనీలు అదనంగా ఇవ్వవు. మీ స్పెషల్ అలవెన్స్‌లోంచి తగ్గించి ఎన్‌పీఎస్‌కు మళ్లిస్తాయి. సీటీసీ మారదు, జీతం విభజన మాత్రమే మారుతుంది. పన్ను తగ్గడానికి అది చాలు.

రెండు లెక్కలు చూడండి. సులువుగా ఉండటానికి జీతం తప్ప వేరే ఆదాయం లేదనుకుందాం.

మొదటిది: ఏడాదికి జీతం 18 లక్షలు, నెల బేసిక్ 75,000. ఎన్‌పీఎస్ లేకపోతే 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోను 17,25,000 మీద సెస్‌తో కలిపి పన్ను 1,50,800. అందులోంచి నెలకు 10,500 చొప్పున ఏడాదికి 1,26,000 కంపెనీ ద్వారా ఎన్‌పీఎస్‌కు వెళ్తే పన్ను 1,24,644. మిగిలింది 26,156. చేతికొచ్చే జీతం మాత్రం నెలకు సుమారు 8,300 తగ్గుతుంది. ఈ సంగతి ఇంట్లో ముందే చెప్పుకోండి. ఈఎంఐలు, పిల్లల ఫీజులు ఉన్న ఇంట్లో నెలకు ఎనిమిది వేలు చిన్న మొత్తం కాదు.

రెండోది: జీతం 13.5 లక్షలు, బేసిక్ అందులో సగం, 6,75,000. ఎన్‌పీఎస్ లేకపోతే పన్ను ఆదాయం 12,75,000. పన్ను 74,100. ఇప్పుడు బేసిక్ మీద 14 శాతం, అంటే 94,500 కంపెనీ ద్వారా ఎన్‌పీఎస్‌కు పంపండి. పన్ను ఆదాయం 11,80,500కు దిగుతుంది. 12 లక్షల లోపు కాబట్టి రిబేటు వర్తించి పన్ను సున్నా. 94,500 దాచుకుంటే 74,100 పన్ను పోయింది. జీతం 12.75 లక్షలకు కొంచెం పైన ఉన్నవాళ్లు, గచ్చిబౌలిలో అయినా ఉప్పల్‌లో అయినా, ఈ ఒక్క లెక్క తప్పకుండా వేసుకోండి. షేర్లు అమ్మిన లాభాలుంటే మాత్రం ఆగండి. వాటి పన్నుకు ఈ రిబేటు వర్తించదు.

చేయాల్సింది ఇది. హెచ్‌ఆర్‌కు ఇలా రాయండి: "మన కంపెనీలో కార్పొరేట్ ఎన్‌పీఎస్ ఉందా? 80సీసీడీ(2) కింద నా జీతం విభజన మార్చుకోవచ్చా? ఏ నెల నుంచి?" కొన్ని కంపెనీలు ఏప్రిల్‌లో మాత్రమే మార్చనిస్తాయి, కొన్ని ఏడాది మధ్యలోనూ ఒప్పుకుంటాయి. మీకు ఇదివరకే ప్రాన్ ఉంటే ఆ నంబరే ఇచ్చి, ఖాతాను కార్పొరేట్ సెక్టార్‌కు మార్చమనండి. రెండో ప్రాన్ తెరవకండి. ఒక మనిషికి ఒకే ప్రాన్. ఉద్యోగం మారినా అదే వెంట వస్తుంది.

కంపెనీలో ఈ సదుపాయమే లేదంటే? కొత్త విధానంలో మీకు వేరే దారి లేదు. వృద్ధాప్యం కోసం పొదుపు చేయాలనుకుంటే నిరభ్యంతరంగా కట్టండి. పన్ను తగ్గుతుందని మాత్రం కట్టకండి.

పెద్ద జీతాలవాళ్లకు ఒక హెచ్చరిక. కంపెనీ మీ తరఫున పీఎఫ్, ఎన్‌పీఎస్, సూపర్‌యాన్యుయేషన్ (కంపెనీ నడిపే పెన్షన్ ఫండ్) మూడింటికీ కలిపి ఏడాదికి 7.5 లక్షలు దాటి కడితే, దాటిన మొత్తాన్ని మీ ఆదాయంలో కలిపి పన్ను వేస్తారు. నెల బేసిక్ 2.5 లక్షలున్నవారికి పీఎఫ్ 12 శాతం అంటే 3.6 లక్షలు, ఎన్‌పీఎస్ 14 శాతం అంటే 4.2 లక్షలు. మొత్తం 7.8 లక్షలు. ఆ పైన 30,000కు పన్ను పడుతుంది. అలాంటివారు శాతం తగ్గించి పెట్టమని అడగండి.

4. పాత విధానంలో ఉంటే

మీ సొంత డబ్బుకు రెండు అరలు ఉన్నాయనుకోండి.

మొదటి అర 80సీసీడీ(1). బేసిక్, డీఏ మీద 10 శాతం వరకు. కానీ ఇది 80సీ (పీఎఫ్, ఎల్ఐసీ లాంటి పొదుపులకు మినహాయింపు ఇచ్చే సెక్షన్)తో కలిపి 1.5 లక్షల గొడుగు కిందే. పీఎఫ్, ఎల్ఐసీ, పిల్లల ట్యూషన్ ఫీజు, హోమ్ లోన్ అసలుతో ఆ గొడుగు ఇప్పటికే నిండిపోయి ఉంటే ఇందులో కొత్తగా వచ్చేదేమీ లేదు.

రెండో అర 80సీసీడీ(1బీ). అదనంగా 50,000. ఇది గొడుగు బయట ఉంటుంది. 30 శాతం స్లాబులో ఉంటే 15,600, 20 శాతం స్లాబులో ఉంటే 10,400 మిగులుతుంది. అందరూ చెప్పుకునే "యాభై వేలు" ఇదే.

ముందు రెండో అర నింపండి. మొదటి అరలో ఖాళీ ఉంటే తర్వాత చూడవచ్చు. పిల్లల పేరు మీద ఎన్‌పీఎస్ వాత్సల్య ఖాతాలో కడితే 2025-26 నుంచి దానికీ మినహాయింపు ఉంది. అయితే మీ ఖాతాకూ పిల్లల ఖాతాకూ కలిపి అదే 50,000. వేరేగా ఇంకో యాభై లేదు.

5. సీపీఎస్ టీచర్లు, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు

మీరు 2004 సెప్టెంబరు 1న గానీ ఆ తర్వాత గానీ నియామకమై ఉంటే, మీ సీపీఎస్ (కంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీమ్) అంటే ఎన్‌పీఎస్సే. ప్రతి నెలా 10 శాతం కట్ అవుతూనే ఉంది. ఫిబ్రవరి జీతం బిల్లుతో ఐటీ ఫారం ఇచ్చేటప్పుడు చాలామంది ఆ మొత్తాన్ని తీసుకెళ్లి 80సీలో కలిపేస్తారు. జీఎల్ఐ, జీఐఎస్ (ప్రభుత్వ ఉద్యోగుల బీమా పథకాలు), ఎల్ఐసీలతోనే లక్షన్నర నిండిపోయాక సీపీఎస్ కట్టింపు వృథా అవుతుంది. మా అక్క ఏళ్ల తరబడి ఇలాగే చేసింది.

పాత విధానంలో ఉంటే ఇలా చేయండి. నెలకు 7,000 చొప్పున ఏడాదికి 84,000 సీపీఎస్ కట్ అయిందనుకుందాం. అందులో 50,000ను 80సీసీడీ(1బీ)లో చూపండి. మిగతా 34,000ను 80సీసీడీ(1)లో చూపండి. ఇందుకు చేతినుంచి కొత్తగా ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. డీడీఓ (మీ జీతం బిల్లు చేసే అధికారి) ఒప్పుకోకపోతే గొడవ పడక్కర్లేదు, రిటర్న్‌లో మీరే ఇలా చూపి రీఫండ్ తీసుకోవచ్చు.

ప్రభుత్వం కట్టే వాటా 80సీసీడీ(2) కిందికి వస్తుంది. దాన్ని ముందు మొత్తం జీతంలో కలిపి, తర్వాత మినహాయించాలి. జీతంలో కలపకుండా మినహాయింపు మాత్రమే చూపితే అది తప్పుడు క్లెయిము, నోటీసు రావచ్చు.

6. సొంత వ్యాపారం, కన్సల్టెన్సీ చేసేవారు

మీకు యజమాని లేరు కాబట్టి 80సీసీడీ(2) లేదు. పాత విధానంలో అయితే మొత్తం ఆదాయంలో 20 శాతం వరకు, అదే లక్షన్నర గొడుగు కింద, ఆ పైన 50,000. పాత విధానం కావాలంటే గడువులోపు ఫారం 10-ఐఈఏ వేయాలి. వ్యాపార ఆదాయం ఉన్నవాళ్లు జీతగాళ్లలాగా ఏడాదికోసారి అటూ ఇటూ మారడం కుదరదు. ఈ ఫారం వేసేముందు ఆడిటర్‌తో ఒక్కసారి కూర్చోండి.

7. డబ్బు కట్టే పద్ధతి

కంపెనీ ద్వారా అయితే వాళ్లే కడతారు. సొంతంగా అయితే ఇలా:

ఖాతా లేనివాళ్లు ఈ-ఎన్‌పీఎస్ వెబ్‌సైట్‌లో ఆధార్ ఓటీపీతో ఇంట్లోంచే తెరవవచ్చు. ఖాతా రికార్డులు చూసే సంస్థ ఏది కావాలో అడుగుతుంది: ప్రొటియన్, కేఫిన్‌టెక్, క్యామ్స్. ఏది ఎంచుకున్నా పన్ను విషయంలో తేడా లేదు. ఆన్‌లైన్ అంటే టెన్షన్ పడేవారు బ్యాంకు శాఖలోగానీ హెడ్ పోస్టాఫీసులోగానీ అడగండి.

కట్టేటప్పుడు తెర మీద 'టియర్-1', 'టియర్-2' అని రెండు ఉంటాయి. పెన్షన్ కోసం ఉన్న అసలు ఖాతా టియర్-1, దాన్నే ఎంచుకోండి. టియర్-2లో ఎప్పుడైనా తీసుకునే వీలుంది కానీ, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకున్న ప్రత్యేక పథకం తప్ప, పన్ను మినహాయింపు లేదు. నేను ఒక ఏడాది మార్చి 29న రాత్రి తొందరలో యాభై వేలు టియర్-2లో వేశాను. జులైలో రిటర్న్ వేసేటప్పుడు స్టేట్‌మెంట్ తీస్తేగానీ తెలియలేదు. ఆర్థిక సంవత్సరం ముగిశాక దాన్ని సరిదిద్దే దారి లేదు. అప్పటినుంచి 'చెల్లించు' నొక్కే ముందు ఆ పదాన్ని పైకి చదువుతాను. మీరూ అలాగే చేయండి.

మార్చి 31 దాకా ఆగకండి. యూపీఐ, నెట్ బ్యాంకింగ్ అయినా డబ్బు ఖాతాలో పడటానికి పని దినాలు కావాలి, చెక్కు అయితే ఇంకా ఎక్కువ. మార్చి 20 లోపు ముగించండి. ఇంకా మంచిది నెలనెలా కొంచెం కట్టడం.

8. రిటర్న్‌లో చూపడం

ప్రాన్ నంబర్ దగ్గర పెట్టుకోండి, రిటర్న్‌లో అడుగుతుంది. మీ సొంత డబ్బు 80సీసీడీ(1), (1బీ)లలో, కంపెనీ డబ్బు 80సీసీడీ(2)లో. ఆఫీసుకు ప్రూఫ్ ఇవ్వడం మరిచిపోయినా ఫర్వాలేదు, మార్చి 31 లోపు కట్టి ఉంటే రిటర్న్‌లో నేరుగా చూపవచ్చు.

ఎక్కువగా జరిగే తప్పులు

ఒకే డబ్బును రెండు చోట్ల చూపడం. 50,000 కట్టి, 80సీసీడీ(1)లో ఒకసారి, (1బీ)లో మళ్లీ ఒకసారి వేస్తారు. ఒక రూపాయికి ఒకే చోటు.

భార్య లేదా భర్త ఎన్‌పీఎస్ ఖాతాలో కట్టి తమ రిటర్న్‌లో చూపడం. పీపీఎఫ్‌కు ఆ వీలుంది, ఎన్‌పీఎస్‌కు లేదు.

బ్యాంకులో 'రిటైర్మెంట్ ప్లాన్' పేరుతో అమ్మిన ఇన్సూరెన్స్ పాలసీని ఎన్‌పీఎస్ అనుకోవడం. దానికి అదనపు 50,000 వర్తించదు, అది లక్షన్నర గొడుగు కిందే. కాగితం మీద ప్రాన్ లేకపోతే అది ఎన్‌పీఎస్ కాదు. ఈ ఒక్క గుర్తు పట్టుకోండి. అమ్మేవాళ్లు ఎంత నమ్మకంగా చెప్పినా సరే.

పీఎఫ్‌ను కొత్త విధానంలో మినహాయింపు అనుకోవడం. మీ వాటాకు కొత్త విధానంలో మినహాయింపు లేదు. పైగా వీపీఎఫ్ (పీఎఫ్‌కు మీరు ఇష్టపూర్వకంగా కట్టే అదనపు సొమ్ము)తో కలిపి మీ వాటా ఏడాదికి 2.5 లక్షలు దాటితే, దాటిన సొమ్ము మీద వచ్చే వడ్డీకి పన్ను ఉంది.

సరిగ్గా జరిగిందో లేదో చూసుకోవడం

డబ్బు కట్టిన వారం తర్వాత ఎన్‌పీఎస్ లాగిన్‌లోకి వెళ్లి లావాదేవీల స్టేట్‌మెంట్ తీయండి. మూడు చూడండి: టియర్-1 అని ఉందా, తేదీ మార్చి 31 లోపేనా, చార్జీలు పోను ఎంత పడింది. కంపెనీ కట్టినది యజమాని వాటా కింద కనిపించాలి. మీ వాటా కింద పడితే వెంటనే హెచ్‌ఆర్‌కు చెప్పండి, ఎందుకంటే కొత్త విధానంలో ఆ తేడాతోనే మినహాయింపు మొత్తం పోతుంది.

మార్చి జీతం తాలూకు సొమ్ము ఏప్రిల్‌లో జమ కావడం మామూలే. ఫారం 16కూ స్టేట్‌మెంట్‌కూ సరిగ్గా ఒక నెల తేడా కనిపిస్తే కంగారు పడకండి. రెండు మూడు నెలల తేడా ఉంటే మాత్రం కంపెనీ కోసింది కానీ కట్టలేదేమో అడగండి.

జూన్‌లో ఫారం 16 వచ్చాక పార్ట్ బి తెరవండి. కంపెనీ ఎన్‌పీఎస్ మొత్తం జీతంలో కలిసిందా, 80సీసీడీ(2)లో అంతే మినహాయించారా అని రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకచోట ఉండి ఇంకోచోట లేకపోతే ఫారం సరిచేసి ఇవ్వమని రిటర్న్ వేయకముందే అడగండి.

రిటర్న్ ప్రాసెస్ అయ్యాక 143(1) ఇంటిమేషన్, అంటే శాఖ మీ రిటర్న్‌ను సరిచూసి పంపే లెక్క, మెయిల్‌కు వస్తుంది. చాలామంది రీఫండ్ అంకె చూసి మూసేస్తారు. అందులో మీరు చూపిన లెక్క, శాఖ వేసిన లెక్క పక్కపక్కన ఉంటాయి. 80సీసీడీ వరసల్లో రెండూ ఒకటేనా చూడండి. శాఖ తగ్గించి ఉంటే ముందు మీ రిటర్న్‌లో విధానం, సెక్షన్ సరిగా ఎంచుకున్నారో చూసుకోండి. మీ తప్పు లేకపోతే పోర్టల్‌లోనే రెక్టిఫికేషన్ అర్జీ పెట్టండి. స్టేట్‌మెంట్, ఫారం 16, పే స్లిప్పులు ఒకే ఫోల్డర్‌లో ఉంటే ఆ పని అరగంటలో అయిపోతుంది.